కప్పు కొట్టిన ఏడాది పట్టికలో రెండో స్థానం ఎందుకుంది? హైదరాబాద్ ఎఫ్‌సీ ఆరు సీజన్ల లెక్క

రాజాం తమ్ముడూ, నువ్వు అడిగింది మూడు ముక్కలు. 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ క్లబ్ ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఛాంపియన్ అంటారు, పట్టికలో మాత్రం 2 అని ఉంటుంది, ఏది నిజం? కప్పు కొట్టిన జట్టు రెండేళ్లకే అట్టడుగున ఎలా తేలింది? మీ ఊరి క్లబ్‌కి కూడా ఇలా సీజన్ల వారీగా పట్టిక రాయాలంటే ఏమేం గడులు పెట్టాలి?

విజయనగరంలో ఒక కాలేజీలో 31 ఏళ్లు పీడీగా (ఆటల మాస్టారుగా) చేసి రిటైరయ్యాను. ఇది విజ్జీ ఊరు. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్ ఈ కోట మనిషే. అందుకని ఇక్కడ నన్ను ఎవరు పలకరించినా క్రికెట్ గురించే. ఫుట్‌బాల్ పట్టిక గురించి ఒక కుర్రాడు అడిగేసరికి ప్రాణం లేచొచ్చింది. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు ఆ 2 సంగతి తేల్చేద్దాం. ఈ ఆరు సీజన్లలోనూ ఐఎస్ఎల్‌లో సీజన్‌కి రెండు బహుమతులు ఉండేవి. లీగ్ దశలో అందరితో ఆడాక పాయింట్లలో మొదట ఉన్నవాళ్లకి షీల్డ్. ఆ తర్వాత పై జట్లు ప్లేఆఫ్స్ ఆడి ఫైనల్ గెలిస్తే కప్పు. ఛాంపియన్ అనే మాట కప్పు కొట్టినవాళ్లకే. 2021-22లో జంషెడ్‌పూర్ 43 పాయింట్లతో షీల్డ్ పట్టుకెళ్లింది, హైదరాబాద్ 38తో రెండోది. తర్వాత సెమీస్‌లో ఏటీకే మోహన్‌బగాన్‌ని రెండు మ్యాచ్‌లూ కలిపి 3-2తో దాటి, ఫైనల్ గెలిచి కప్పు తెచ్చుకుంది. కాబట్టి 2 కూడా నిజమే, ఛాంపియన్ కూడా నిజమే. ఇంగ్లండ్‌లోనో స్పెయిన్‌లోనో లీగ్‌లో మొదటివాడే ఛాంపియన్, ఆ పై ఫైనల్ అంటూ ఉండదు. ఆ పట్టికలు చూసిన అలవాటుతో మన పట్టిక చూస్తే తికమక సహజం.

ఇక ఆరు వరసలూ ఒక్కొక్కటిగా.

2019-20: 18 మ్యాచ్‌లు, 2 గెలుపులు, 4 డ్రాలు, 12 ఓటములు, కొట్టినవి 21, తిన్నవి 39, పాయింట్లు 10, స్థానం 10. అంటే పది జట్లలో ఆఖరు. ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడితే దాని చోటులో ఈ క్లబ్ 2019 ఆగస్టు చివర పుట్టింది. మొదటి మ్యాచ్ అక్టోబరు 25న. మధ్యలో రెండు నెలలు కూడా లేవు. పెళ్లిచూపులకీ ముహూర్తానికీ మధ్య కూడా మనం అంతకంటే ఎక్కువ గడువు పెట్టుకుంటాం. కోల్‌కతాలో ఏటీకే 5-0తో కొట్టింది. నవంబరు 2న గచ్చిబౌలిలో కేరళ బ్లాస్టర్స్‌తో మ్యాచ్‌కి ఇద్దరు పాత విద్యార్థుల్ని వెంటేసుకుని రాత్రి రైలెక్కి వెళ్లాను. కేరళ తరఫున రాహుల్ మొదట కొట్టాడు. స్టాంకోవిచ్ పెనాల్టీతో సమం చేశాడు, మార్సెలీనో ఫ్రీకిక్‌తో గెలిపించాడు. క్లబ్ చరిత్రలో మొదటి గెలుపు అది. ఈ రాహుల్ పేరు గుర్తుంచుకో, మళ్లీ వస్తాడు. కోచ్ ఫిల్ బ్రౌన్‌ని జనవరిలో తీసేశారు.

2020-21: 20 మ్యాచ్‌లు, 6, 11, 3, గోల్స్ 27-19, పాయింట్లు 29, స్థానం 5. నాకు అన్నిటికంటే ఇష్టమైన వరస ఇదే, అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను.

మామూలుగా చూస్తే ఏముంది? ఆరే గెలుపులు, ప్లేఆఫ్స్‌కి కూడా వెళ్లలేదు. కానీ తిన్న గోల్స్ గడి చూడు. ముందు ఏడాది 18 మ్యాచ్‌ల్లో 39, అంటే మ్యాచ్‌కి రెండు పైనే. ఈ ఏడాది 20 మ్యాచ్‌ల్లో 19, అంటే మ్యాచ్‌కి ఒకటి కూడా పడలేదు. ఏ జట్టైనా బాగుపడుతోందా లేదా అని తెలుసుకోవాలంటే నేను ముందు చూసేది ఈ గడే. గోల్ కొట్టడానికి ఒక్క మొనగాడు చాలు, గోల్ ఆపడానికి పదకొండు మందీ ఒకే మాట మీద ఉండాలి. ఆ మాట నేర్పింది మనోలో మార్క్వెజ్ అనే స్పెయిన్ కోచ్. ఆయన రావడం కూడా విచిత్రమే. ముందు ఆల్బర్ట్ రోకాని పెట్టుకున్నారు. సీజన్ మొదలవకముందే ఆయనకి బార్సిలోనా నుంచి పిలుపొచ్చి వెళ్లిపోతే, 2020 ఆగస్టు చివర మార్క్వెజ్‌ని తెచ్చారు. ఆయన ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో లాంటి మన కుర్రాళ్లని ధైర్యంగా దించాడు.

ఆ 11 డ్రాలు కూడా చూడు. డ్రాల గడిలో పెద్ద అంకె ఉంటే రెండు అర్థాలు. కింద నుంచి పైకి వస్తున్న జట్టుకైతే అది ఓడిపోవడం మానేసిందని, పై నుంచి కిందకి దిగుతున్న జట్టుకైతే గెలవడం మర్చిపోయిందని. ముందు వరసా వెనక వరసా చూడకుండా ఈ రెంటిలో ఏదో చెప్పలేం. ఆఖరి లీగ్ మ్యాచ్ గోవాతో. గెలిస్తే హైదరాబాద్‌కి 31 పాయింట్లు, గోవాకి 30. నాలుగో స్థానం, సెమీస్. 0-0 అయింది. గోవా 31, హైదరాబాద్ 29. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

ఇంకొక మాట. కోవిడ్ వల్ల 2020-21, 2021-22 లీగ్ మ్యాచ్‌లన్నీ గోవాలోనే జరిగాయి. కాబట్టి ఆ రెండు సీజన్లకి సొంత మైదానం, బయటి మైదానం అని లెక్కలు ఎక్కడైనా కనిపిస్తే వాటికి విలువ లేదు. సొంత మైదానం అన్నది కాగితం మీదే, చూసేవాళ్లు లేని గ్యాలరీ.

2021-22: 20 మ్యాచ్‌లు, 11, 5, 4, గోల్స్ 43-23, పాయింట్లు 38, స్థానం 2, కప్పు. డ్రాలు 11 నుంచి 5కి దిగాయి, గెలుపులు 6 నుంచి 11కి ఎక్కాయి. ముందు ఏడాది సగం పండిన కాయలు ఈ ఏడాది పండాయన్నమాట. దానికి తోడు నైజీరియా ఆటగాడు ఒగ్బేచె ఒక్కడే 18 గోల్స్, లీగ్‌లో 17, సెమీస్‌లో ఒకటి, కొట్టి గోల్డెన్ బూట్ తీసుకున్నాడు. లీగ్‌లోని 43లో 17 అంటే ప్రతి ఐదు గోల్స్‌లో దాదాపు రెండు ఆయనవే. ఈ లెక్క సంతోషం కలిగిస్తుంది గానీ, పీడీ బుర్రకి కాస్త భయం కూడా కలిగిస్తుంది.

ఫైనల్ 2022 మార్చి 20న, మడ్గావ్ ఫటోర్డా స్టేడియంలో, కేరళతోనే. ఈసారి జనాన్ని రానిచ్చారు. 68వ నిమిషంలో కేరళకి గోల్, కొట్టింది మళ్లీ ఆ రాహులే. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన వాలీతో 1-1. పెనాల్టీ షూటౌట్‌లో కట్టిమణి మూడు ఆపాడు, 3-1. ఆఖరి కిక్ హాలిచరణ్ నర్జారీది. నేను టీవీ ముందు నిలబడే చూశాను, కూర్చుంటే గోల్ పడుతుందని నా నమ్మకం. చదువుకున్నవాణ్ణే, కానీ షూటౌట్‌లో ఆ చదువు పనిచేయదు.

2022-23: 20 మ్యాచ్‌లు, 13, 3, 4, గోల్స్ 36-16, పాయింట్లు 42, స్థానం 2. షీల్డ్ 46 పాయింట్లతో ముంబై సిటీకి. ఆ ఏడాది మొదటి రెండు జట్లకీ నేరుగా సెమీస్. అక్కడ మోహన్‌బగాన్‌తో మొదటి మ్యాచ్ 0-0, రెండోదీ 0-0, షూటౌట్‌లో 4-3తో వాళ్లు గెలిచారు.

నా అభిప్రాయం అడిగితే ఈ క్లబ్‌కి అన్నిటికంటే గొప్ప సీజన్ ఇదే, కప్పు లేని ఈ సీజన్. మ్యాచ్‌కి ఎన్ని పాయింట్లు వచ్చాయో వేసి చూడు. సీజన్‌కి సీజన్‌కి మ్యాచ్‌ల సంఖ్య 18, 20, 22, 24 అని మారుతూ పోయింది కాబట్టి ఉత్త పాయింట్లని పోల్చకూడదు, భాగించే చూడాలి. వరసగా 0.56, 1.45, 1.9, 2.1, ఆ తర్వాత 0.36, 0.75. కొండ శిఖరం 2.1 దగ్గరుంది, కప్పు దాని పక్కన 1.9 దగ్గరుంది. సెమీస్‌లో రెండు మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కూడా తినకుండా ఇంటికి పోయిన జట్టుని బలహీనం అని ఎలా అంటాం? నీతో వాదించే స్నేహితులు బహుశా ఒప్పుకోరు. వాళ్లకి కప్పే లెక్క. నాకు తిన్న గోల్స్ 16 లెక్క.

2023-24: 22 మ్యాచ్‌లు, 1, 5, 16, గోల్స్ 10-43, పాయింట్లు 8, స్థానం 12, ఆఖరు. రెండేళ్ల క్రితం కొట్టినవి 43, ఇప్పుడు తిన్నవి 43. అంకెలు ఒక్కోసారి మనిషిని వెక్కిరిస్తాయి.

నీ రెండో ప్రశ్నకి జవాబు ఈ వరసలోనే ఉండాలి, కానీ ఈ వరస జవాబు చెప్పదు. 1, 5, 16 అన్నది చూసి ఆట మర్చిపోయారు అనుకుంటాం. ఆట కాదు, డబ్బు. మార్క్వెజ్ గోవాకి వెళ్లిపోయాడు, ఒగ్బేచె వెళ్లిపోయాడు, ఆకాశ్ మిశ్రా ముంబైకి వెళ్లాడు. అంతకు ముందే లిస్టన్, ఆశిష్ రాయ్ మోహన్‌బగాన్‌కి వెళ్లారు. ఇంతవరకు ఏ క్లబ్‌కైనా మామూలే. కానీ జీతాల బకాయిలు పేరుకున్నాయి. బకాయిలు తీర్చేదాకా కొత్త ఆటగాళ్లని నమోదు చేసుకోవద్దని ఫిఫా నిషేధం పెట్టింది. పోయినవాళ్లు పోయారు, కొత్తవాళ్లు రావడానికి తలుపు మూసేశారు. సీజన్ సగానికి వచ్చేసరికి విదేశీయుల్లో దాదాపు అందరూ వెళ్లిపోయారు. థంగ్‌బోయ్ సింగ్టో అనే కోచ్ ఉన్న కుర్రాళ్లతోనే నెట్టుకొచ్చాడు. ఆ ఒక్క గెలుపు 2024 మార్చిలో చెన్నైలో చెన్నయిన్ మీద, 1-0. ఆ పిల్లల్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వమే. జీతం రాని ఇంట్లో దీపం ఆరకుండా చూసుకున్నారు.

ఇంగ్లండ్‌లో డెర్బీ కౌంటీ 2007-08లో 38 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచి 11 పాయింట్లతో కింది డివిజన్‌కి పోయింది. ఐఎస్ఎల్‌లో అప్పట్లో అలా దిగజారడం లేదు కాబట్టి మనవాళ్లకి ఇంకో వరస మిగిలింది.

2024-25: 24 మ్యాచ్‌లు, 4, 6, 14, గోల్స్ 22-47, పాయింట్లు 18, స్థానం 12. ఈసారి జట్లు 13, కింద మొహమ్మడన్ ఒకటే ఉంది. యాజమాన్యం జిందాల్ గ్రూపు చేతికి మారింది, డిసెంబరులో కోచ్ మారాడు. అంతకంటే దీని గురించి చెప్పేదేమీ లేదు.

మొత్తం కూడితే 124 మ్యాచ్‌లు, 37 గెలుపులు, 34 డ్రాలు, 53 ఓటములు, 145 పాయింట్లు, గోల్స్ 159-187. ఇది లీగ్ దశ మాత్రమే సుమా, ప్లేఆఫ్స్ కలపలేదు. నువ్వు రాసేటప్పుడు కూడా వాటిని విడిగానే ఉంచు, కలిపితే ఏ లెక్కా తేలదు. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకుంది. నేనైతే నా పుస్తకంలో 2024-25 కింద రెండు గీతలు కొట్టేశాను. పుణె సిటీ రికార్డుని హైదరాబాద్ ఖాతాలో వేసుకోలేదు కదా, ఢిల్లీ రికార్డుని మాత్రం ఎందుకు వేసుకోవాలి? లైసెన్సు ఒకటే కావచ్చు, ఊరు మారితే జట్టు మారినట్టే.

ఇప్పుడు మీ ఊరి పట్టిక. డబ్బు మాట ఎందుకు అంత గట్టిగా చెప్పానంటే, నా చేతిలో కూడా అదే జరిగింది. ఇక్కడ ఒక టౌన్ క్లబ్‌కి కొన్నేళ్లు సెక్రటరీగా ఉన్నాను. ఒక ఏడాది మా జట్టు మూడు టోర్నమెంట్లు ఆడితే రెంట్లో ఫైనల్‌కి వెళ్లింది. మరుసటి ఏడాది ఊళ్లో ఒక వ్యాపారి జెర్సీలూ టీఏ (ప్రయాణ ఖర్చు) అంతా నాదే అన్నాడు. జెర్సీలు వచ్చాయి, వెనక ఆయన షాపు పేరుతో సహా. టీఏ రాలేదు. మా బ్యాక్ (డిఫెండర్) నెల్లిమర్ల జూట్ మిల్లులో షిఫ్టు చేసేవాడు, మ్యాచ్ ఉన్న రోజు అతనికి కూలీ పోయినట్టే. బస్సు చార్జీ కూడా జేబులోంచే అంటే ఎన్నిసార్లు వస్తాడు? రెండుసార్లు వచ్చాడు. బొబ్బిలి నుంచి వచ్చే గోల్ కీపర్ మూడోసారి ఫోనెత్తలేదు. ఆ ఏడాది నా రిజిస్టర్లో వరస ఇలా ఉంది: మ్యాచ్‌లు 5, గెలుపు 0, డ్రా 1, ఓటమి 4. పదేళ్ల తర్వాత ఒక కుర్రాడు ఆ పేజీ చూసి, 'మాస్టారూ, ఈ బ్యాచ్‌కి ఆట రాదా ఏటి?' అన్నాడు. ఆట రాకపోవడమేమిటి, నేను చూసిన మంచి బ్యాచ్‌ల్లో అదొకటి. తప్పు నాదే. రిమార్కుల గడి ఖాళీగా వదిలేశాను.

అందుకే గడులన్నిటికంటే రిమార్కుల గడి వెడల్పుగా గీయి. కోచ్ ఎవరు, సీజన్ మధ్యలో మారాడా, ఎవరు వచ్చారు, ఎవరు వెళ్లారు, ఎందుకు వెళ్లారు, ఎవరికి మోకాలు పోయింది, టీఏ అందిందా లేదా, అంతా అందులో. మ్యాచ్ అయిన వారంలోపే రాసేయి. ఏడాది చివర గుర్తు చేసుకుని రాద్దామంటే గెలిచినవి గుర్తుంటాయి, ఓడినవాటికి రిఫరీ మాత్రమే గుర్తుంటాడు.

మిగతా గడుల్లో ఒక చిక్కుంది. మీ క్లబ్ లీగ్ ఆడదు, సంక్రాంతికి ఒకటి, వేసవిలో ఒకటీ రెండూ, ఇలా టోర్నమెంట్లే ఆడుతుంది. కాబట్టి ఐఎస్ఎల్ పట్టికని ఉన్నదున్నట్టు దించితే పాయింట్లు, స్థానం గడులు ఖాళీగా ఉండిపోతాయి. మన దేశంలో జాతీయ లీగ్ 1996లో గానీ మొదలవలేదు. అంతకు ముందు పెద్ద క్లబ్‌ల రికార్డులన్నీ టోర్నమెంట్ల వారీగానే ఉండేవి. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, అదే మన రహీం సాబ్, శిక్షణలోని హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ కొట్టింది. ఆ రికార్డు చెప్పాలంటే పాయింట్లు అక్కర్లేదు, ఏ కప్పు, ఏ ఏడాది, ఏ రౌండ్ దాకా, ఎవరి చేతిలో ఓడారు అన్నది చాలు. నువ్వూ ఏడాదికి ఒక పేజీ, టోర్నమెంట్‌కి ఒక వరస, అందులో చేరిన రౌండ్, ఆఖరి మ్యాచ్ స్కోరు, అలా పెట్టు. గెలుపు, డ్రా, ఓటమి, గోల్స్ మాత్రం పేజీ అడుగున కూడి రాయి.

షూటౌట్‌తో తేలిన మ్యాచ్‌ని లెక్కల్లో డ్రాగానే రాయాలి, పక్కన షూటౌట్ స్కోరు వేయాలి. 2022 ఫైనల్ కూడా రికార్డులో 1-1 డ్రానే. షూటౌట్ గోల్స్‌ని కొట్టిన గోల్స్‌లో కలపకు, మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు అదే. అవతలి జట్టు రాక వాకోవర్ వస్తే గెలుపు అని రాసి పక్కన వా అని గుర్తు పెట్టు, గోల్స్ వేయకు. వర్షానికి ఆగిపోయిన మ్యాచ్‌లు మన దగ్గర ఎక్కువ, సిరిమాను పండగ దాటేదాకా మైదానాలు బురదగానే ఉంటాయి కదా. వాటిని మ్యాచ్‌ల సంఖ్యలో కలపకుండా కింద విడిగా రాయి. మైదానం పేరు తప్పకుండా ఉండాలి. శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలో ఆడిన మ్యాచ్‌నీ, పొలం గట్టు పక్కన ఆడిన మ్యాచ్‌నీ ఒకే తూకం వేయకూడదు.

పేర్లు రాసేటప్పుడు ఇంటి పేరు, ఊరు కూడా రాయి. నా రిజిస్టర్లో ఒకే ఏడాది ముగ్గురు రమణలు, ఇద్దరు అప్పలనాయుళ్లు ఉన్నారు. ఎవరు ఏ గోల్ కొట్టారో ఇప్పుడు నాకే తెలియదు, ముగ్గురు రమణలూ తమదే అంటారు.

నువ్వు మొదటి పేజీ గీసి ఇక్కడ పెట్టు, చూసి చెప్తాను. మా కాలేజీ జట్టు మీ రాజాం వాళ్లతో ఆడిన మ్యాచ్‌లు నా పుస్తకాల్లో 14 ఉన్నాయి, తేదీలు, స్కోర్లతో సహా. వాటిల్లో తొమ్మిది మీరే గెలిచారు. అవసరమైతే ఫోటో తీసి పంపిస్తాను.